అమ్మడం నేర్పితే వస్తుందా?



చేస్తున్న ఉద్యోగం వదిలేసి, నాలుగైదు వారాలో మూడు నెలలో గట్టి శిక్షణ తీసుకుని, సేల్స్‌లోకి వెళ్ళాలనుకునేవాళ్ళు ఈమధ్య చాలామంది కనిపిస్తున్నారు. ప్రైవేటు స్కూల్లో ఏళ్ళ తరబడి సైన్సు చెప్పిన మాస్టారు, డయాగ్నొస్టిక్ సెంటర్లో పనిచేసిన ల్యాబ్ టెక్నీషియన్, సాఫ్ట్‌వేర్ ఉద్యోగం కోసం చూసి చూసి విసిగిన ఇంజనీరు, పిల్లలు హైస్కూలుకి వచ్చాక మళ్ళీ సంపాదన మొదలుపెట్టాలనుకునే ఇల్లాలు. వీళ్ళకి ఇంట్లో ఎదురయ్యే మొదటి మాట దాదాపు ఒకటే: "ఇంత చదివి ఊరంతా తిరిగి అమ్ముకోవడమేమిటి?" రెండోది కాస్త మెత్తగా వస్తుంది: "నీకసలే నోట్లో నాలుక లేదు, నీవల్ల ఏమవుతుంది?"

మొదటి మాట జీతం ఇంటికొచ్చాక దానంతటదే సద్దుమణుగుతుంది. రెండో మాట గురించి మాత్రం ఆలోచించాలి. అమ్మడం పుట్టుకతో రావాలని, గలగలా మాట్లాడేవాళ్ళకే అది అబ్బుతుందని మనలో చాలామందికి ఒక నమ్మకం. మందుల కంపెనీల ఫీల్డులోనూ, ఆ తర్వాత కొత్తగా చేరినవాళ్ళకి శిక్షణ ఇవ్వడంలోనూ నా ఉద్యోగ జీవితమంతా గడిచింది. ఆ ధైర్యంతో చెబుతున్నాను. అమ్మడం నేర్పితే వస్తుంది. నోరు మెదపనివాళ్ళకీ వస్తుంది, ఒక్కోసారి వాళ్ళకే ముందు వస్తుంది. ఎందుకంటే ఈ పనిలో కష్టపడి నేర్చుకోవలసింది ఎదుటివాళ్ళు చెప్పేది వినడం. వినడం నేర్పే శిక్షణకి పెట్టిన కాలం దండగ కాదు. మాటలు బట్టీ పట్టించి పంపే శిక్షణ ఎంత ఖరీదైనదైనా నాకు దానిమీద గౌరవం లేదు.

అమ్మడం నేర్పవచ్చునన్న నమ్మకం మీద ఒక పెద్ద కంపెనీనే కట్టినవాడు జాన్ హెన్రీ ప్యాటర్సన్. అమెరికాలో ఒహాయో రాష్ట్రంలో డేటన్ అనే ఊరు ఆయనది. ఆ ఊళ్ళోనే జేమ్స్ రిట్టీ అనే బార్ యజమాని ఉండేవాడు. గల్లాపెట్టెలో పడవలసిన డబ్బు పనివాళ్ళ జేబుల్లోకి పోతోందని 1879లో అతనూ, అతని సోదరుడూ కలిసి క్యాష్ రిజిస్టర్ తయారుచేశారు. యంత్రం బాగానే ఉంది, కొనేవాళ్ళే లేరు. 1884లో ఆ వ్యాపారం ప్యాటర్సన్ చేతికి వచ్చింది. అలాంటి యంత్రం ఒకటి కావాలని దుకాణదారుకి అప్పటిదాకా తోచనే లేదు. కొట్లో పనిచేసే గుమాస్తాకి అది తన నెత్తిన పెట్టిన కాపలా. ఇలాంటి సరుకు అమ్మాలి. కంపెనీలో బాగా అమ్ముతున్నవాడు జోసెఫ్ క్రేన్, ప్యాటర్సన్‌కి దగ్గర బంధువు. అతను కొట్లోకి వెళ్ళి ఏం మాట్లాడుతున్నాడో, ఏ వరసలో మాట్లాడుతున్నాడో రాయించి 1887లో చిన్న పుస్తకంగా వేశారు. సేల్స్‌మెన్ అందరూ దాన్ని అక్షరం పొల్లుపోకుండా ఒప్పజెప్పాలి. 1890ల్లో ఏకంగా శిక్షణ పాఠశాలే నడిపారు.

ఆ కంపెనీలో తయారైనవాడే థామస్ వాట్సన్. అంతకుముందు బండి కట్టుకుని ఊళ్ళు తిరిగి కుట్టుమిషన్లు, పియానోలు అమ్మినవాడు. 1914లో అక్కడినుంచి బయటికొచ్చి మరో కంపెనీ పగ్గాలు అందుకున్నాడు. 1924లో ఆ కంపెనీ పేరు ఐబీఎంగా మారింది. సేల్స్ శిక్షణ గొప్పతనం చెప్పేవాళ్ళు ఈ కథ ఇక్కడితో ఆపేస్తారు. నేను ఆపను. పోటీ కంపెనీలను అడ్డదారిలో దెబ్బతీశారన్న కేసులో 1913లో ప్యాటర్సన్‌నీ వాట్సన్‌నీ మరికొందరినీ కోర్టు దోషులుగా తేల్చింది. 1915లో పై కోర్టు ఆ తీర్పు కొట్టేసింది గానీ, ఆ కేసు సంగతి మాత్రం ప్రతి శిక్షణ తరగతిలోనూ మొదటిరోజే చెప్పాలని నా పట్టుదల. ఎలా అమ్మాలో నేర్పుతున్నప్పుడే ఏం చేసి అమ్మకూడదో కూడా నేర్పాలి. తర్వాత చెబుదాంలే అనుకుంటే, అప్పటికి టార్గెట్ వచ్చి మీద కూర్చుంటుంది.

మన దేశంలో ఈ పద్ధతిని ఇంటి గుమ్మం దాకా తెచ్చింది 1982లో మొదలైన యురేకా ఫోర్బ్స్. టై కట్టుకున్న కుర్రవాడు తలుపు తట్టి, లోపలికి రావచ్చా అని అడిగి, వాక్యూమ్ క్లీనర్‌తో మన తివాచీ మీది దుమ్ము మనకే చూపించడం చాలామందికి గుర్తుండే ఉంటుంది. అంతకు చాలా ముందునుంచే మన ఊళ్ళలో బీఎస్సీ చదివిన కుర్రవాళ్ళకి మందుల కంపెనీలు ఒక దారి చూపాయి. మెడికల్ రిప్రజెంటేటివ్ అనండి, ఎమ్మార్ అనండి. తరగతి గదిలో కొన్ని వారాలు, ఆ వెంటనే రోడ్డు. ఈ శిక్షణ నాకు బాగా తెలుసు కాబట్టి దీని గురించి కాస్త వివరంగా చెబుతాను.

పొద్దున్నపూట శరీరం, జబ్బులు, మందులు. గుండె ఎలా కొట్టుకుంటుంది, క్లోమం ఏం చేస్తుంది, ఈ మాత్ర ఎక్కడ పనిచేస్తుంది. మధ్యాహ్నం డీటెయిలింగ్, అంటే డాక్టరుకి మందు గురించి చెప్పే సాధన. విజువల్ ఎయిడ్ అనే బొమ్మల ఫైలు ఎడమ చేతిలో డాక్టరు వైపు తిప్పి పట్టుకోవాలి. అంటే అందులో ఉన్నది మనకి కనిపించదు. కుడిచేతిలో పెన్ను పెట్టుకుని, చూడకుండానే సరైన గీత మీద, సరైన అంకె మీద ఆనించాలి. కళ్ళు డాక్టరు ముఖం మీద ఉండాలి. ఇదంతా ఒకటి రెండు నిమిషాల్లో అయిపోవాలి, డాక్టరు ఇచ్చేది అంతే. సాయంత్రం పరీక్ష. రాత్రి హోటల్ గదిలో అద్దం ముందు మళ్ళీ సాధన. ఇంతవరకూ కండలకి నేర్పే విద్య, పది రోజుల్లో వస్తుంది.

అసలు శిక్షణ రోల్ ప్లేలో ఉంటుంది. ఒక బ్యాచ్‌లో జరిగింది చెబుతాను. డాక్టరు కుర్చీలో నేను కూర్చున్నాను. స్కూలు వదిలి వచ్చిన ఒక మాస్టారు ఎమ్మార్‌గా ఎదురుగా నిలబడ్డారు. పిల్లలకి పాఠం చెప్పిన గొంతు, ఖంగుమని మోగుతోంది. తీసుకున్నది షుగర్ మాత్ర, గ్లిమిపిరైడ్. ఆయన మొదలుపెట్టిన కాసేపటికి నేను ఒక మాట అన్నాను: "నా దగ్గరికి వచ్చేది ఎక్కువగా మిర్చి యార్డు హమాలీలండీ. మధ్యాహ్నం అన్నం ఎప్పుడు తింటారో వాళ్ళకే తెలీదు." మాస్టారు "యెస్ డాక్టర్" అని తలూపి, తర్వాతి పేజీ తిప్పి, మిగిలిన నాలుగు వాక్యాలూ తప్పు లేకుండా పూర్తిచేశారు. తోటివాళ్ళు చప్పట్లు కొట్టారు.

"డాక్టరుగారు ఏమన్నారు మాస్టారూ?" అని అడిగాను. ఆయనకి గుర్తు రాలేదు. వెనక వరసలో కూర్చున్న ఒకావిడ చెయ్యెత్తింది. ల్యాబ్ టెక్నీషియన్‌గా పనిచేసి వచ్చిన అమ్మాయి, అప్పటిదాకా తరగతిలో నోరు విప్పి ఎరగదు. "ఆ మాత్ర వేసుకుని వేళకి తినకపోతే షుగర్ పడిపోతుంది సార్. డాక్టరుగారు దానికి భయపడుతున్నారు" అంది. మాత్ర వేసుకుని, ఏమీ తినకుండా రక్తపరీక్షకి వచ్చి, బల్లమీదే కళ్ళు తిరిగి పడిపోయినవాళ్ళని ఆ అమ్మాయి చూసింది. చెమటలు పట్టిన ఆ ముఖాలు ఆమెకి గుర్తున్నాయి. అందుకే ఆ ఒక్క వాక్యం ఆమె చెవిన పడింది.

మర్నాడు మాస్టారు మళ్ళీ నిలబడ్డారు. నేను మళ్ళీ అదే మాట అన్నాను. ఈసారి ఫైలు కిందికి దించి, "అలాంటి పేషెంట్లకి ఇప్పుడు ఏం రాస్తున్నారు డాక్టర్?" అని అడిగి ఊరుకున్నారు. ఆ ఊరుకోవడం ఎంత కష్టమో నిలబడ్డవాళ్ళకే తెలుస్తుంది. కొత్తవాళ్ళకి ఆ నాలుగు క్షణాలు నాలుగు గంటలు. నేను చెప్పింది పూర్తిగా విన్నాక, "వాళ్ళకి ఈ మాత్ర వద్దు డాక్టర్. వేళకి తినే పేషెంట్లు ఉంటే వాళ్ళలో చూడండి" అన్నారు. ఒక మందు ఎవరికి పనికిరాదో చెప్పగలిగిన మనిషి మాటని డాక్టరు రెండోసారి కూడా వింటాడు. 2024 మార్చిలో కేంద్రం తెచ్చిన మార్కెటింగ్ నియమావళి డాక్టర్లకి సొంతానికి కానుకలు ఇవ్వకూడదంటోంది. అది మంచిదే. చేతిలో కవరు లేనప్పుడు ఎమ్మార్ దగ్గర మిగిలేది తనకి తెలిసిన విషయం, తన మాట నిజాయితీ.

వినడం గురించి నేనొక్కణ్ణే అనుకుంటున్న సంగతి కాదిది. నీల్ రాకమ్ అనే పరిశోధకుడు తన బృందంతో కలిసి 12 ఏళ్ళపాటు 35,000 అమ్మకపు సంభాషణలను దగ్గర కూర్చుని గమనించి, 1988లో 'స్పిన్ సెల్లింగ్' అనే పుస్తకంలో ఆ వివరాలు రాశాడు. పెద్ద మొత్తాల అమ్మకాల్లో నెగ్గినవాళ్ళు ఎక్కువగా ప్రశ్నలు అడిగినవాళ్ళే. కొనేవాడి ఇబ్బంది ఏమిటి, దానివల్ల ఏం నష్టపోతున్నాడు, అది తీరితే ఏం బాగుపడుతుంది, ఇవన్నీ అతని నోటితోనే చెప్పించారు. "ఈ రోజే ఆఖరు, ఇప్పుడే సంతకం పెట్టండి" అని ఒత్తిడి చేసే ఎత్తులు చిన్న వస్తువుల దగ్గర ఒకోసారి పారినా, పెద్ద బేరాల్లో బెడిసికొట్టాయి. ఇంత స్పష్టంగా తేలిన విషయాన్ని పక్కన పెట్టి, ఇప్పటికీ ఆ ఎత్తులనే పాఠాలుగా చెప్పే శిక్షణ కేంద్రాలు ఉన్నాయంటే బాధగా ఉంటుంది. ఫ్లాట్లు, ప్లాట్లు, పిల్లల కోర్సులు అమ్మేచోట ఇది మరీ ఎక్కువ. జీవితకాలం కూడబెట్టిన డబ్బు ఆ సంతకం వెనకాల ఉంటుంది.

తరగతి అయ్యాక రోడ్డు. కొత్తవాళ్ళని ఒంటరిగా వదిలేసే కంపెనీలో చేరవద్దని నేను గట్టిగా చెబుతాను. మొదటి వారాల్లో మేనేజరు వెంట ఉండి తిరగాలి. దీన్నే ఫీల్డులో జాయింట్ వర్క్ అంటారు. గుంటూరు కొత్తపేటలోనో, విజయవాడ సూర్యారావుపేటలోనో, రాజమండ్రి దానవాయిపేటలోనో రాత్రివేళ ఏ క్లినిక్‌కి వెళ్ళినా పేషెంట్ల వెనక బ్యాగులు పట్టుకుని నిలబడ్డ కుర్రవాళ్ళు కనిపిస్తారు. చివరి పేషెంటు వెళ్ళాకే పిలుపు. ఒక్కోసారి పిలుపే ఉండదు. ఆ నిరీక్షణ ఏ తరగతి గదిలోనూ నేర్పలేం.

డాక్టరు కంటే ముందు మందుల షాపు. "మొన్న పెట్టిన సరుకే కదల్లేదు బాబూ, మళ్ళీ ఆర్డరా?" అంటాడు షాపాయన. కొత్త కుర్రవాడు వెంటనే పదికి ఒకటి ఫ్రీ అని స్కీము మొదలుపెడతాడు. పక్కనున్న సీనియర్ అతణ్ణి ఆపి, "ఏవేవి కదల్లేదన్నా? ఒకసారి చూడనిస్తారా?" అని అడుగుతాడు. అల్మరాలోంచి పెట్టెలు తీయించి, గడువు దగ్గర పడ్డవి వేరు చేసి, వెనక్కి పంపడానికి చీటీ రాస్తాడు. అప్పుడు షాపాయన మెల్లగా చెబుతాడు, పక్క వీధిలో డాక్టరుగారు ఈ మందు రాయడం మానేసి రెండు నెలలైందని, ఒక పేషెంటుకి కడుపులో మంట వచ్చిందని. ఆ సమాచారం ఏ కంప్యూటర్లోనూ లేదు. అరగంట నిలబడి పెట్టెలు సర్దినందుకు దొరికింది. ఆ రోజు ఆర్డరు రాలేదు, కానీ కుర్రవాడికి ఆ వీధి అర్థమైంది.

మందుల కంపెనీల సంగతే చెబుతున్నానని అనుకోవద్దు. మన దగ్గరే ఇంకో మంచి నమూనా ఉంది. హైదరాబాదు రాజేంద్రనగర్‌లోని మేనేజ్ సంస్థ 2003లో ఎరువులు, పురుగుమందుల డీలర్ల కోసం డేసీ అనే డిప్లొమా మొదలుపెట్టింది. ఏడాది కోర్సు, వారానికొక రోజు తరగతి. 40 తరగతులు, 8 పొలం సందర్శనలు. ఏళ్ళ తరబడి కౌంటర్ వెనక కూర్చుని అమ్ముతున్నవాళ్ళు మళ్ళీ విద్యార్థులై చేలగట్ల మీద నడిచారు. ముడుచుకుపోయిన మిరపాకు చేత్తో పట్టుకుని రైతు షాపుకి వచ్చాడనుకోండి. ఆకు పైకి ముడిచిందా, కిందికి ముడిచిందా చూడాలి. పైకి ముడిస్తే తామర పురుగు, కిందికి ముడిస్తే నల్లి అని అనుమానించాలి. కిందటిసారి ఏం కొట్టావు, ఎప్పుడు కొట్టావు అని అడగాలి. అవేవీ అడగకుండా ఖరీదైన సీసా చేతిలో పెట్టేసిన డీలరు ఆ రోజు బాగానే అమ్మినట్టు. రైతుకి మాత్రం మందు ఖర్చూ పోయింది, పంటా పోయింది, అప్పు మిగిలింది. రైతు అప్పు పుస్తకంలో పేరుకుపోయే బాకీకీ, షాపు కౌంటర్ దగ్గర అడగని ప్రశ్నకీ సంబంధం ఉంది. అందుకే ఈ చదువంటే నాకు ప్రత్యేకమైన అభిమానం. వ్యవసాయం తెలిసిన కుటుంబాల పిల్లలు విత్తనాలు, పురుగుమందుల సేల్స్‌లోకి వస్తే, ఆ ప్రశ్నలు వాళ్ళకి ఎవరూ నేర్పనక్కర్లేదు, ఇంట్లో విన్నవే.

బీమా సంగతి వేరు. ఏజెంటు కావాలంటే శిక్షణ తీసుకుని పరీక్ష రాయాలి. ఒకప్పుడు 100 గంటలు ఉండే శిక్షణ తర్వాత 50 అయింది, ఇప్పుడు 25 గంటలు. ఆ గంటలతో అనుమతి వస్తుంది, అంతే. మొదటి పాలసీలు బావగారు, పిన్నిగారు, పాత ఆఫీసు మిత్రులు తీసుకుంటారు. వాళ్ళు అయిపోయాక కొత్త గుమ్మం తొక్కినప్పుడే అసలు పని మొదలవుతుంది, చాలామంది అక్కడే మానేస్తారు. పాలసీ కాగితాలు చేతికొచ్చాక చదువుకుని, నచ్చకపోతే 30 రోజుల్లో వెనక్కి ఇచ్చేయవచ్చు. ఈ సంగతి తనంతట తాను చెప్పే ఏజెంటు దగ్గరికి ఆ వీధిలో మిగతావాళ్ళు కూడా వస్తారు.

డబ్బు విషయం కూడా తేటగా మాట్లాడుకోవాలి. మందుల కంపెనీ అయితే శిక్షణ కాలంలో మన దగ్గర తీసుకోదు, మనకే ఇస్తుంది. పల్లెటూళ్ళ పేద కుటుంబాల పిల్లలకి 2014లో కేంద్రం పెట్టిన దీనదయాళ్ ఉపాధ్యాయ గ్రామీణ కౌశల్య యోజనలో దుకాణాల్లో అమ్మకాల శిక్షణ ఉచితం. అంతకు ముందే 2005లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఈజీఎంఎం అనే సంస్థ ఇలాంటి పని మొదలుపెట్టింది. కాబట్టి ఎవరైనా ముందే వేలకు వేలు కట్టమంటే, పోయిన బ్యాచ్‌లో చేరినవాళ్ళు ఇప్పుడెక్కడ పనిచేస్తున్నారో అడగండి, వాళ్ళలో ఇద్దరితో మీరే ఫోన్‌లో మాట్లాడండి. మాట్లాడించడానికి తటపటాయిస్తే అక్కడినుంచి లేచి వచ్చేయండి. సరుకు కిట్ కొని చేరు, నీ కింద మరో ఇద్దర్ని చేర్చు అంటే అది సేల్స్ శిక్షణ కానే కాదు. చేరడానికి డబ్బు తీసుకోవడాన్నీ, మనుషుల్ని చేర్చినందుకు కమీషన్ ఇచ్చే పిరమిడ్ పథకాలనూ 2021 డిసెంబరులో వచ్చిన డైరెక్ట్ సెల్లింగ్ నిబంధనలు నిషేధించాయి. ఉద్యోగం ఇచ్చేవాళ్ళ దగ్గర నియామక పత్రం రాతపూర్వకంగా తీసుకోండి. మందుల కంపెనీల సేల్స్ ఉద్యోగులకి ఆ హక్కు 1976 చట్టంతోనే వచ్చింది. అందులో స్థిరమైన జీతం ఎంత, ఇన్సెంటివ్ ఎంత, పెట్రోలు ఖర్చు ఎవరిది అన్నవి విడివిడిగా ఉండాలి. ఇన్సెంటివ్‌ని లెక్కలో వేసుకుని ఇంటి అద్దె మార్చకండి, కొత్త ఈఎంఐ పెట్టకండి.

మొదటి ఆరు నెలలు కష్టంగా ఉంటాయి. నెలాఖరు క్లోజింగ్ అంటే ఏమిటో, ఆ మూడు రోజులు ఇంటికి ఆలస్యంగా ఎందుకొస్తారో భార్యకైనా భర్తకైనా ముందే చెప్పి ఉంచండి. ఆడవాళ్ళు ఈ రంగంలోకి వస్తుంటే నాకు చాలా సంతోషంగా ఉంది. అయితే రాత్రి పదింటిదాకా క్లినిక్ బయట నిలబెట్టే పద్ధతి వాళ్ళకి ఎంత ఇబ్బందో కంపెనీలు ఇంకా పూర్తిగా పట్టించుకోవడం లేదు. మధ్యాహ్నం వేళ కలవడానికి ఒప్పుకునే ఆసుపత్రులని వాళ్ళ రూటులో వేయడం ఏ మేనేజరుకైనా చేతనైన పనే. అడగండి, అడిగితే చాలాచోట్ల ఇస్తారు.

నలభై దాటిన తర్వాత వచ్చినవాళ్ళు వయసు గురించి దిగులు పడుతుంటారు. నా బ్యాచ్‌లలో వాళ్ళు వెనకబడటం నేను చూడలేదు. వాళ్ళు పాత ఉద్యోగంలో మనుషులతో మసలి వచ్చారు, కాదనిపించుకున్నా మర్నాడు అదే గుమ్మానికి వెళ్ళగలరు. ఇందాక చెప్పిన మాస్టారు ఇప్పుడు ఒక ఏరియా చూసుకుంటున్నారు. ల్యాబ్ నుంచి వచ్చిన అమ్మాయి షుగర్ పరీక్షల యంత్రాల కంపెనీలో, తను ఒకప్పుడు పనిచేసినలాంటి ల్యాబులకే అమ్ముతోంది.

ఈ నెలలో ఎవరైనా ఇలాంటి శిక్షణలో చేరబోతుంటే, ఫీజు కట్టేముందు ఒక పని చేయండి. మీకు తెలిసిన సేల్స్ మనిషి ఎవరో ఒకరు ఉంటారు. ఆయన్నో ఆవిణ్ణో బతిమాలి, పొద్దున స్టాకిస్టు దగ్గరినుంచి రాత్రి చివరి కాల్ దాకా ఒక పూర్తి రోజు వెంట తిరగండి. నెల మొదటి వారంలో వద్దు, అప్పుడు అందరూ తీరిగ్గా ఉంటారు. నెలాఖరులో వెళ్ళండి.